అవ్వకు వినిపించని బండి

మొన్నొక ఆదివారం పొద్దున ఇస్త్రీ చేస్తుంటే ఫోన్ మోగింది, పెట్టె చీర మీదే వదిలేసి లేచాను. తిరిగొచ్చేసరికి గంజి పెట్టిన నూలుచీర అంచు దగ్గర గోధుమరంగు మచ్చ పడి ఉంది, గదంతా మాడిన గంజి వాసన. మంచి చీర పాడైందని మా అమ్మాయి నొచ్చుకుంది గానీ నేను చీర వైపు చూడనే లేదు, వెళ్ళి కిటికీలన్నీ తీశాను. తిరుపతిలో కాపురం పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది, అలిపిరి దారిలో మా బడికి పోతూ వస్తూ కర్పూరం, మల్లెలు, బస్సుల పొగ, అన్నీ పీలుస్తాను, ఏ వాసనా నన్ను ఏమీ చెయ్యదు. మాడిన గంజి మాత్రం చెయ్యి పట్టుకుని నగరికి, మా వీధికి, నా పదో ఏటికి లాక్కుపోతుంది. అక్కడ మా నాయన కారు కింద వెల్లకిలా పడుకుని ఉంటాడు, మా అవ్వ ఇంకా నడుస్తూనే ఉంటుంది.

దాపరికం ఎందుకు, మొదటే చెప్పేస్తాను. ఆ బండి చప్పుడు ఆపమని ఏడ్చి సాధించింది నేను. ఆ చప్పుడు ఆగబట్టే మా అవ్వ మంచాన పడింది. నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, అని ఉంటే బాగుండేదేమో.

మాది మరమగ్గాల ఊరు. ఇప్పటివాళ్ళకు చెబితే ఏదో పెద్ద చప్పుడు కాబోలు అనుకుంటారు గానీ, అది చప్పుడులా ఉండేది కాదు, గాలిలాగా అంతటా ఉండేది. తెల్లారకముందే మొదలై కరెంటు పోతే తప్ప ఆగేది కాదు. మా పడమటి గోడకు ఆనుకునే ఎనిమిది మగ్గాల షెడ్డు, ఆ అదురుకు వంటింట్లో బిందెలో నీళ్ళు ఎప్పుడూ సన్నగా వణుకుతూనే ఉండేవి, దేవుడి పటాలు వారానికొకసారి వంకరైతే అమ్మ సరిచేసేది. ఉన్నట్టుండి కరెంటు పోయిందా, వీధి వీధంతా ఒక్కసారి ఖాళీ అయినట్టుండేది, ఉయ్యాల్లో పిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్ళు. మేమందరం గొంతు పెంచే మాట్లాడేవాళ్ళం, బయటి ఊళ్ళ చుట్టాలొస్తే మాలో మాకు తగాదా అనుకుని సర్దిచెప్పబోయేవాళ్ళు. మా నాయన పద్నాలుగో ఏటి నుంచి ఆ షెడ్డులో పనిచేసి చేసి ముప్ఫై దాటేసరికి చెవులు సగం పోగొట్టుకున్నాడు. మా అవ్వకు ముప్పాతిక పోయాయి. నాయనను కన్న తల్లి ఆమె, వయసులో ఉన్నప్పుడు చేనేత మగ్గం నేసిన మనిషి, ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు ఆ షెడ్డు గోడ పక్కనే బతికింది.

ఆమెకు వినిపించే చప్పుళ్ళు నాకు తెలిసి రెండే. ఒకటి గంగజాతరలో పేల్చే ఔట్లు. రెండోది మా నాయన బండి.

షెడ్డు పని మానేసి నాయన ఒక పాత తెల్ల కారు కొన్నాడు, ముక్కు గుండ్రంగా, సీట్లు సోఫాల్లా ఉండే ఆ కాలపు పెద్ద కారు. బాడుగకు తిప్పేవాడు. ఆడినెలలో కృత్తిక పండగకు మొక్కు కావళ్ళు మోసేవాళ్ళను తిరుత్తణికి, మిగతా రోజుల్లో గుండు కొట్టించుకోబోయే సంసారాలను తిరుపతికి, ఒక్కోసారి పులికాట్ పిట్టలను చూస్తామనేవాళ్ళను తడ దాకా తీసుకుపోయేవాడు. తడ వైపు నుంచి వచ్చిన రోజు సంచిలో రొయ్యలుండేవి, అవ్వ వాటిని చింతకాయ వేసి వండితే నాలుగిళ్ళ అవతలి నుంచి గిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళు. మామిడికాయల కాలంలో వెనక డిక్కీ నిండా బెంగుళూరా కాయలే, కారంతా ఆ జీడి వాసనే. జాతర రోజుల్లో వేపాకు కట్టిన ఆ కారు ముందు నిలబడి రాగి అంబలి తాగడం నాకు పెద్ద గొప్ప. కొన్నప్పుడు బండి బాగానే ఉండేది. రెండేళ్ళకు పొగగొట్టం తుప్పు పట్టి, సైలెన్సరు డబ్బాకు చెయ్యి పట్టేంత బొక్క పడింది. ఆ తరవాత అది కారులాగా కాదు, కొండలు పగలగొట్టే మిషనులాగా వచ్చేది. నాయనకు మాత్రం బండి మామూలుగానే ఉన్నట్టుండేది. చెవులు అట్లాంటివి మరి.

అవ్వకు ఆ చప్పుడంటే ప్రాణం. సాయంత్రమయ్యేసరికి గడప దగ్గర చెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేది. బండి రైలుగేటు దాటగానే, మా మాటల్లో ఒక్కటీ వినపడని ఆ మనిషి తలెత్తి, "అదిగో, గేటు కాడికి వచ్చినాడు. నీళ్ళు కాగబెట్టుమే," అని మా అమ్మను కేకేసేది. ఆ నిమిషంలో ఆమె మొహంలో కనిపించే గర్వం అంతా ఇంతా కాదు. కొడుకు వస్తున్నాడని ఊళ్ళో అందరి కంటే ముందు తనకే తెలుస్తుందని ఆమె నమ్మకం. నిజానికి ఊరందరికీ తెలిసేది, పైకి అనేవాళ్ళు కాదంతే.

వీధికి కూడా ఆ చప్పుడు ఒక అలవాటైపోయింది. మా వీధిలో అప్పటికింకా నాలుగైదు చేనేత మగ్గాలు ఆడుతుండేవి. వాళ్ళు పొద్దున్నే పడుగును, అంటే మగ్గానికెక్కించే నిలువు దారాలను, వీధి పొడుగునా వెదురు కర్రల మీద సాగదీసి కట్టి, పొడుగాటి కుంచెలతో గంజి పట్టించేవాళ్ళు. ఎండ ముదిరేలోపల ఆ పని ముగించాలి, లేకపోతే దారం పెళుసెక్కుతుంది. రంగురంగుల దారాలు వీధి నడుమ మెరుస్తుంటే మేము పిల్లలం వంగి వాటి కిందనుంచి దూరి బడికి పోయేవాళ్ళం. తెగిన పోగులు వెతికి ముడివెయ్యడంలో మా అవ్వ చేతిని మించిన చెయ్యి లేదని పేరు, ఎవరి పడుగైనా పిలిస్తే పోయేది, పోగుల మీదే కళ్ళు పెట్టి వెనక్కి వెనక్కి అడుగులేస్తూ వీధంతా నడిచేది. రైలుగేటు దగ్గర నాయన బండి చప్పుడు వినపడగానే అందరూ కర్రలను గోడవారకు జరుపుకునేవాళ్ళు. నాయన వచ్చేసరికి దారి ఎప్పుడూ తెరిచే ఉండేది. కారు హారను ఎప్పుడో మూగబోయింది, ఆ బండికి హారను బాగుచేయించడం దండగ అని నాయనే నవ్వేవాడు.

ఇక నా సంగతి. వానాకాలంలో నాయన నన్ను బడి దగ్గర దింపేవాడు. ఆ బండి గేటులోకి రాకముందే క్లాసులో పాఠం ఆగిపోయేది. ఆడపిల్లలు నాకు డమడమ అని పేరు పెట్టారు. ఒకరోజు నేను లోపలికి రాగానే క్లాసంతా రెండు చెవులూ మూసుకుని కూర్చుంది, టీచరమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఇప్పుడు నేనే టీచరమ్మనై ఎందరో పిల్లలను చూశాక తెలుస్తోంది, అదేం పెద్ద అవమానం కాదు. పదేళ్ళప్పుడు మాత్రం చచ్చిపోదామనిపించింది. ఇంటికొచ్చి సంగటి కంచం తోసేసి మూలన కూర్చున్నాను.

"నేనింక ఆ బండెక్కను నాయనా. అందురూ నగతా ఉండారు."

"ఎందుకు పాపా? బండి బాగానే ఉండాది కదా?"

"నీకు ఇనపడదు, ఆ అవ్వకి ఇనపడదు. మీకేం."

ఆ మాటకు అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది. మరునాడు నేను నిజంగానే వానలో తడుస్తూ నడిచిపోయాను, ఆ మరునాడూ అంతే. మూడో రోజు బడి నుంచి వచ్చేసరికి ఆయన కారు కింద ఉన్నాడు, బయట కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

కొత్త సైలెన్సరు మా తాహతుకు మించిన మాట, దాని ఊసే ఎవరూ ఎత్తలేదు. మొదట నూనె డబ్బా రేకును కోసి చదును చేసి, బొక్క మీద చుట్టి ఇనుప తీగతో బిగించాడు. దాంతో పాత చప్పుడుకు రేకు అదిరే చప్పుడు తోడైంది, వీధి కుక్కలు కూడా బెదిరి పారిపోయాయి. తరవాత ఆయనకు నేతపని బుర్ర పనిచేసింది. షెడ్డులో పారేసే నూలు పీచు తెచ్చి, గంజిలో నానబెట్టి, పుట్టమన్ను కలిపి, పొగగొట్టానికి కట్టు కట్టినట్టు మందంగా చుట్టాడు. గంజి పట్టిన దారం ఎండితే ఎంత బిరుసెక్కుతుందో మాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? ఆ గంజి కాచింది మా అవ్వే. చిక్కగా, ఉండలు కట్టకుండా, పడుగుకు కాచినంత శ్రద్ధగా కాచి, చల్లార్చి, కారు పక్కన పీట వేసుకుని కూర్చుని కొడుక్కు చేతికందించింది. తను ఏ పనికి సాయం చేస్తోందో ఆమెకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక పూట బండి బ్రహ్మాండంగా మెత్తబడింది. తిరుపతి దారిలో పుత్తూరు దాటేసరికి గొట్టం వేడికి గంజి మాడిపోయి కారంతా వాసన కొట్టిందట, వెనక సీటులో ముసలాయన, "ఎవురింట్లో సంగటి మాడిందబ్బా?" అని అడిగాడట. తిరిగొచ్చేటప్పటికి కట్టంతా బొగ్గై దారిలోనే రాలిపోయింది. మాడిన గంజి వాసన ఆ సీట్లలో నెల రోజులు ఉంది.

చివరకు పుత్తూరు రోడ్డులో వెల్డింగు కొట్టు పెట్టుకున్న ఏసుపాదం దగ్గరికి పోయాం. నల్లగా, సన్నగా ఉండే ఏసుపాదం ఆదివారం చర్చికి తెల్లచొక్కా వేసుకుంటే మేము ఆనవాలు పట్టలేకపోయేవాళ్ళం. కారు కిందకు దూరి చూసి వచ్చి పెదవి విరిచాడు.

"కొత్తది ఏస్తే గంటలో అయిపోతాది అప్పా. పాత సామాన్లతో అంటే ఓపికుండాల."

"ఓపిక ఉండాదిలే అబ్బా. ఉండేది అదొక్కటే," అన్నాడు నాయన.

పాత ఇనుము కుప్పలో పడి ఉన్న ఏదో వ్యాను సైలెన్సరు తెచ్చి నిలువునా కోశారు. లోపలి గొట్టానికి మేకుతో వందల బొక్కలు పొడిచారు, సగం బొక్కలు నేనే పొడిచాను, నాకది పండగలాగా ఉంది. గొట్టం చుట్టూ గిన్నెలు తోమే ఇనుప పీచు దట్టంగా కూరారు, ఆ వారం మా ఇంట్లోనూ ఏసుపాదం ఇంట్లోనూ అంట్లకు బూడిదే గతైంది. మళ్ళీ మూసి వెల్డింగు చేసి, పాత టైరు ట్యూబు పట్టీలతో వేలాడదీశారు, ఇనుముకు ఇనుము తగలకుండా. ఇదంతా ఒక రోజు పని కాదు. పెట్టడం, చూడడం, విప్పడం, మళ్ళీ కూరడం, పదిహేను రోజులు పట్టింది.

చప్పుడు ఎంత తగ్గిందో తేల్చాలి కదా, దానికి నాయన చెవులు పనికిరావు, నా చెవికి ఏ చప్పుడైనా ఎక్కువే. ఉపాయం నేనే చెప్పాను, నా తెలివికి నేనే మురిసిపోతూ. "అవ్వ గడప కాడ కూసునుంటాది. ఆమెకి ఇనపడకుండా రా నాయనా. అప్పుడు బాగైనట్టు." వాళ్ళందరికీ అది భలే ఉపాయంగా తోచింది. సాయంత్రం నేను అవ్వ పక్కన కూర్చునేదాన్ని, నాయన గేటు దగ్గర నుంచి వచ్చేవాడు. మొదటిసారి అవ్వ ఎప్పటిలాగే, "వచ్చినాడు," అంది, నేను కాళ్ళు కొట్టుకుని ఏడ్చాను. రెండోసారి వీధి మొదట్లోకి వచ్చాక తలెత్తింది. మూడోసారి పక్కింటి ముందుకు వచ్చాక. నాలుగోసారి బండి మెల్లగా వచ్చి ఆమె ముందే ఆగింది. అవ్వ తల వంచుకుని చెనక్కాయలు ఒలుస్తూనే ఉంది. నేను చప్పట్లు కొట్టాను, ఏసుపాదం కారులోంచి దిగి చేతులు దులుపుకున్నాడు. నాయన నీడ మీద పడ్డాక ఆమె తలెత్తింది.

"ఎప్పుడొచ్చినావురా? నాకు ఇనపళ్ళేదే."

అందరం నవ్వాం. అవ్వ కూడా నవ్వింది, కాసేపే. ఆ తరవాత కారు వైపు చూస్తూ ఒక చెనక్కాయను చేతిలో తిప్పుతూ ఉండిపోయింది, ఒలవనూ లేదు, పక్కన పెట్టనూ లేదు. నాకు ఆ మొహం కనపడింది. కనపడినా పట్టించుకోలేదు, మరునాడు బడికి కారులో పోవచ్చని నా సంబరం నాది.

పది రోజులు రాణిలాగా పోయాను. పదకొండో రోజు వాన వెలిసి మంచి ఎండ కాసింది, చాలా రోజులకు వీధిలో పడుగు వేశారు. నాయన పొద్దున్నే కారుకు ఆయిలు పోయించుకొస్తానంటే నేనూ ఎక్కి ముందు సీటులో కూర్చున్నాను, అప్పటికి పడుగు ఇంకా వెయ్యలేదు. తిరిగి వస్తుంటే మా వీధి మలుపులో సూర్యుడు సూటిగా కళ్ళల్లోకి కొట్టాడు. నాయన అలవాటు చొప్పున వేగం తగ్గించలేదు, రెండేళ్ళుగా దారి దానంతటదే తొలగేది కదా. ఆ రోజు ఎవరూ తొలగలేదు. కర్రలు జరగలేదు. మేము పోయాక వేసిన పచ్చ పడుగు వీధి మధ్యలో అట్లాగే ఉంది, దాని పక్కనే మా అవ్వ, పోగుల మీద కళ్ళు పెట్టి, మాకు వీపు పెట్టి, ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ మా వైపు వస్తోంది. నేను చూశాను. నాయన కంటే ముందు చూశాను. అరిచాను కూడా, ఆమెకు వినపడాలి కదా. హారను నొక్కడానికి నాయన చెయ్యి పోయింది, అది మోగదని ఆ క్షణం మరిచాడు. బ్రేకు పట్టింది గానీ బండి ముక్కు ఆమె తుంటికి తగిలి, ఆమె పడుగు మీద పడింది. గంజి కుండ బోర్లాపడి తెల్లగా వీధంతా పారింది. పడుగు వాళ్ళు వెనకాడకుండా దారాలు కోసి ఆమెను లేపారు, వారాల పని అది.

అదే కారులో పుత్తూరుకు తీసుకుపోయాం, ఎముకలు విరిగితే మా వైపు ఎవరైనా మొదట పోయేది అక్కడికే. ఆకు మందు వేసి, బద్దలు పెట్టి కట్టు కట్టారు. తరవాత తిరుపతిలో డాక్టర్లకు చూపించినా అందరిదీ ఒకే మాట, ఈ వయసులో తుంటి అతకడం కష్టం, పడుకోబెట్టి బాగా చూసుకోండి అని. దారి పొడుగునా అవ్వ మూలగలేదు. కారు ఎంత మెత్తగా పోతోందో చూడమన్నట్టు ఒకసారి నాయన భుజం తట్టింది. ఆయన ముందుకే చూస్తూ ఏడుస్తూ నడిపాడు.

మంచాన పడ్డాక, ఆ దెబ్బకో మరెందుకో, మిగిలిన ఆ కాస్త వినికిడి కూడా పోయింది. సాయంత్రమైతే చాలు, గంటకు పదిసార్లు, "మీ నాయన వచ్చినాడామే?" అని నన్ను అడిగేది. గడప కనపడదు, బండి వినపడదు, కొడుకు వచ్చి మంచం పక్కన నిలబడితే తప్ప వచ్చినట్టు తెలియదు, రాలేదంటే ఏమైందోనని భయం. ఒకరోజు మధ్యాహ్నమే ఆమె అడగడం మొదలుపెడితే, వాకిట్లో ఉన్న నాయన ఆ మాట విన్నాడు. సుత్తి తీసుకుని బయటకు పోయాడు. ఏసుపాదంతో కలిసి పదిహేను రోజులు కట్టిన సైలెన్సరును పది నిమిషాల్లో కొట్టి ఊడదీశాడు. ఇనుప పీచు వాకిలంతా ఎగిరింది.

ఆ సాయంత్రం బండి మళ్ళీ పాత చప్పుడుతో రైలుగేటు దాటింది. నేను అవ్వ మంచం మీద కూర్చుని ఉన్నాను, చప్పుడు వినగానే నా తల తలుపు వైపు తిరిగింది. అవ్వ నా తలనే చూస్తోంది. నాయన పరిగెత్తుకుంటూ లోపలికి వచ్చాడు, చెప్పులు కూడా విప్పలేదు.

"ఇనపడిందా అమ్మా?"

"ఇనపడింది నాయనా. గేటు కాణ్ణుంచే ఇనపడింది," అంది అవ్వ.

ఆయన మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చాడు. ఆయన తల నిమురుతూ అవ్వ నా వైపు చూసింది. ఆయన బయటకు పోయాక నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా చెబుతున్నాననుకుని గట్టిగానే అంది, "దినామూ ఈడే కూసోమే. మీ నాయనకి చెప్పొద్దు." కార్తీకం దాకా, ఆమె పోయేదాకా, దినమూ కూర్చున్నాను. బండి రాగానే తల తిప్పేదాన్ని, ఆమె నవ్వుతూ సిద్ధంగా ఉండేది, ఆయన రాగానే ఇనపడిందనేది. బొరుగుల ఉండలు చేసిన కార్తీక దీపాల పండగనాడు కూడా అంతే, ఆ తరవాత మూడో రోజు పోయింది.

నాయన మళ్ళీ సైలెన్సరు పెట్టించలేదు. బాడుగలు తగ్గాయి, మనుషులు ఎక్కడం మానేస్తే నూలు మూటలు మోశాడు. నా పెళ్ళయ్యాక తిరుపతికి చూడడానికి వస్తే మా వీధంతా కిటికీల్లోకి వచ్చేది, నేను మెట్ల మీదకు పరిగెత్తేదాన్ని, సిగ్గు ఎప్పుడో పోయింది. చివరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద ఒక మాట అన్నాడు. "నా చేతుల్తోనే మా అమ్మను పడగొట్టినా. ఒకటి మాత్రం సరిగ్గా చేసినా పాపా. పొయ్యేదాకా ఆమెకి నేనొచ్చేది ఇనపడింది." ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి. అవును నాయనా అన్నాను.

పోయిన నెల పని మీద నగరికి పోయి మా వీధిలోకి కూడా వెళ్ళాను. షెడ్డుకు తాళం, మగ్గాలు పాత ఇనుముకు పోయాయట. వీధిలో పడుగులు వేసేవాళ్ళు లేరు, కుంచె అంటే ఇప్పుడక్కడి పిల్లలకు తెలియదు, సిమెంటు రోడ్డు మీద బ్యాటరీ ఆటోలు చప్పుడు లేకుండా పోతున్నాయి. అంత నిశ్శబ్దాన్ని ఆ వీధిలో నేనెప్పుడూ ఎరగను. మా గడప ముందు నిలబడితే నోరు ఊరుకోలేదు.

"ఇనపళ్ళేదు నాయనా. అవ్వకి ఒక్కనాడు గూడా ఇనపళ్ళేదు," అన్నాను, నాలో నేను అనుకున్నట్టే, మెల్లగా.

ఆ మాత్రానికే ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలామె తలెత్తింది. "ఎవురికి చెప్తా ఉండావు తల్లీ?" అంది.